ఎదురుచూపును అమ్ముకునే వ్యాపారం

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే ఆయన వారం రోజులుగా లిఫ్టు ఎక్కడం మానేశారు. లిఫ్టులో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "అమ్మాయికి ఎక్కడ వచ్చింది?" సీటు రాలేదని కాదు ఆయన బాధ. ఐఐటీ, ఎన్ఐటీల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ రెండో రౌండులో ఒక ఎన్ఐటీలో సివిల్ వచ్చింది. అమ్మాయి ‘ఫ్లోట్’ నొక్కింది. ఉన్నది ఉంచుకుని, జాబితాలో అంతకంటే పైనున్నది దొరికితే మారతానని దాని అర్థం. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నిద్ర లేదు. పైగా ఒక ప్రైవేటు కాలేజీ నుంచి రోజుకు రెండుసార్లు ఫోను: "ఈ సాయంత్రంలోగా లక్ష కట్టకపోతే సీటు ఉండదు సార్."

ఇలాంటి రోజుల్లో పిల్లలు ధ్యానం చేయాలని, తల్లిదండ్రులు ధైర్యం చెప్పాలని ఏటా సలహాలు చదువుతూనే ఉన్నాం. చేస్తే మంచిదే. కానీ ఈ ఆందోళనలో సగం సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియక పుట్టింది. మిగతా సగం పనిగట్టుకుని పుట్టించింది.

ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలకు 2015 నుంచి ఉమ్మడిగా నడుస్తున్న జోసాలో, ఫీజు కట్టి పత్రాల తనిఖీ పూర్తిచేసుకున్న విద్యార్థి ఫ్లోట్‌లో ఉన్నంత మాత్రాన చేతిలోని సీటు పోదు. పోయిందంటే, తాను స్వయంగా అంతకంటే పైన రాసుకున్న సీటు వచ్చిందన్నమాటే. అదే కాలేజీలో బ్రాంచి మాత్రమే మారాలనుకుంటే ‘స్లైడ్’, ఇక చాలనుకుంటే ‘ఫ్రీజ్’. ఇందులో జూదం ఎక్కడుంది? ఏ రౌండులో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో గత సంవత్సరాల లెక్కలు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. పది నిమిషాలు కూర్చుని చూస్తే, ఆశ పెట్టుకోవచ్చో లేదో తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి మూలం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు రాసిన చిన్న వ్యాసం. వెయిటింగ్ లిస్టులతో కాలేజీలకూ విద్యార్థులకూ వచ్చే చిక్కులను అందులో ముందే ప్రస్తావించారు. కాలేజీ సీట్లనూ పెళ్లి సంబంధాలనూ ఒకే లెక్కలో తేల్చారు కూడా! (మన పెళ్లిళ్ల పేరయ్యలకు ఈ సంగతి తెలిస్తే ఎంత మురిసిపోయేవారో.) షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ లెక్క మనకు చెప్పేది ఒక్కటే: నీకు నిజంగా ఏది ఎంత ఇష్టమో ఆ వరుసలోనే రాయి, ఎత్తులు వేయకు. రాదనుకున్న సీటును మొదట రాసినంత మాత్రాన రెండోది చేజారదు.

మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. "మన ర్యాంకుకు అది రాదులే" అని ఇష్టమైనదాన్ని కొట్టేస్తాం. వెబ్ ఆప్షన్లు పెట్టిపెట్టడానికి వేలకు వేలు తీసుకునే వాళ్ల దగ్గరికి వెళ్తాం. ఆ తర్వాత భయపడవలసిన చోట మాత్రం భయపడం. రాష్ట్ర ఇంజినీరింగ్ కాలేజీల సీట్లకు జరిగే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మొదటి విడత సీటు చేతిలో ఉండగా రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇస్తే, వాటిలో ఏది వచ్చినా పాత సీటు దానంతటదే రద్దవుతుంది. అంటే ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే రాయాలి. అది గమనించకుండా ‘ఎందుకైనా మంచిదని’ వంద కాలేజీలు నింపి, మంచి సీటు పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఏటా చూస్తున్నాను.

ప్రైవేటు కాలేజీలో ముందే ఒక సీటు పట్టుకోవడం వివేకమే కదా అంటారు. రౌండ్లన్నీ అయ్యేసరికి హాస్టల్ గదులు నిండిపోతాయి, తరగతులు మొదలవుతాయి, నిజమే. పట్టుకోండి. కానీ "ఈ సాయంత్రంలోగా" అన్న మాటకు బెదిరి కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. 2024-25 ప్రవేశాల్లో సెప్టెంబరు 30లోపు మానుకుంటే ఫీజు మొత్తం, అక్టోబరు 31లోపు మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది తిరిగి ఇవ్వాలంది. ఈ గడువు ఏడాదికో రకంగా మారవచ్చు కాబట్టి డబ్బు కట్టేముందే ఆ ఏటి నిబంధన చూసుకోవాలి. ఫోను చేసిన మనిషిని వాపసు సంగతి కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి, గొంతు ఎలా మారుతుందో.

అసలు చిక్కు కౌన్సెలింగ్‌లో కూడా లేదు. రెండేళ్లు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్న పిల్లకు ఎన్నిటికి లేవాలో, ఏం తినాలో, ఆదివారం ఏ పరీక్ష రాయాలో అన్నీ వేరెవరో నిర్ణయించారు. ఎంపీసీ తీసుకోవాలని కూడా పదో తరగతి సెలవుల్లో మేనమామ చెప్పాడు. పదిహేడేళ్లు వచ్చేదాకా ఒక్క ఎంపికా చేయనివ్వకుండా పెంచి, వారం రోజుల్లో నూటయాభై ఎంపికలను వరుసలో పెట్టమంటాం. చివరికి కీబోర్డు తండ్రి చేతిలోకి వెళుతుంది. అప్పుడు వరుస తండ్రిది, ఎదురుచూపు పిల్లది. తాను కోరని సీటు కోసం రోజూ రాత్రి ఫోను తెరిచి చూడటం కంటే నరకం ఏముంటుంది?

మొన్న ఆయన ఆప్షన్ల ప్రింటు పట్టుకుని మా ఇంటికి వచ్చారు, వెనకే కూతురు. సివిల్‌కు పైన అన్నీ కంప్యూటర్ సైన్సులే, ఏడో చోట తప్ప. అక్కడ వరంగల్‌లో మెటలర్జీ ఉంది.

"ఇదెవరు పెట్టారమ్మా?" అన్నారాయన.

"నేనే నాన్నా. లాక్ చేసే ముందు" అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మెటలర్జీ అంటే ఏం చదువుతారని మొదటిసారి అడిగారు. అమ్మాయి చాలాసేపు చెప్పింది. మధ్యలో ఆయన ఫోను రెండుసార్లు మోగింది.