పూలదండ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీ పూలదండ గారికి,
గుడిమల్కాపూర్ పూల మార్కెట్, హైదరాబాద్.

అయ్యా, నమస్కారం.

మీకు క్షణం తీరిక ఉండదని తెలుసు. తెల్లారకముందే లారీ దిగాలి. పెళ్ళికి వెళ్ళాలి, గుడికి వెళ్ళాలి, శవం మీదికి వెళ్ళాలి. ఎలక్షన్లొస్తే గజమాల అవతారమెత్తి క్రేన్ ఎక్కాలి, చౌరస్తాలో జీపు మీద నిలబడ్డ నాయకుడి మెడ ఎక్కడుందా అని వెతుక్కుంటూ గాల్లో ఊగాలి. కాబట్టి బతికున్న మెడ మీకు పడదని ఎవరూ అనలేరు. సొంతంగా పాటలు రాసుకుని పాడుకునేవాళ్ళ దగ్గరికొచ్చేసరికే మీకు ముహూర్తం కుదరదు. ముందు మనిషి పోవాలి. తర్వాత ఫోటోకి ఫ్రేము కట్టించాలి. అప్పుడు దయచేస్తారు.

నిక్ డ్రేక్ అనే ఇంగ్లీషు పాటగాడి విషయంలో మీరు చేసింది మాత్రం మరీ అన్యాయం.

ఆయనెవరని అడుగుతారేమో. తప్పు లేదు, బతికుండగా ఇంగ్లండులోనే అడిగారు. 1948 జూన్‌లో రంగూన్‌లో పుట్టాడు. మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరే, ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం ఓడెక్కి కూలికెళ్ళిన ఊరే. ఈ ఒక్క ముక్క పట్టుకుని మా అభిమానుల్లో ఒకాయన "సగం మనవాడేనండీ" అని తేల్చేశాడు. ఆయన ముత్తాత అక్కడ మూటలు మోశాడట. నిక్ వాళ్ళ నాన్న టేకు కలప కంపెనీలో ఇంజనీరు. చుట్టరికం ఎక్కడ కలిసిందో మేమెవరమూ అడగలేదు.

పసితనంలోనే కుటుంబం ఇంగ్లండు చేరింది. నిక్ కేంబ్రిడ్జి చదువు మధ్యలోనే వదిలేశాడు. 1969 నుంచి 1972 లోపల మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. విడుదలైన రోజుల్లో ఒక్కోటీ ఐదు వేల కాపీలు కూడా దాటలేదంటారు. 1974 నవంబర్ 25న పోయాడు. వయసు 26.

పాటలంటారా, ‘రివర్ మ్యాన్’ అని ఒకటుంది. అయిదు దెబ్బల లెక్కలో నడుస్తుంది, మన ఖండచాపు అనుకోండి. తక తకిట, తక తకిట అని తొడ మీద వేసుకుంటూ వినండి, గిటార్ ఎక్కడా తొణకదు. వయొలిన్లు వెనక నుంచి ఎప్పుడొచ్చాయో తెలియకుండా వచ్చి ముంచేస్తాయి. గొంతు మాత్రం పక్కగదిలో ఎవరో పడుకున్నారన్నట్టు ఉంటుంది. చివరి ఆల్బమ్ ‘పింక్ మూన్’ని రెండు రాత్రుల్లో రికార్డు చేశాడు. స్టూడియోలో తనూ, సౌండ్ ఇంజనీర్ జాన్ వుడ్, అంతే. గిటారు, గొంతు, ఒక్క పాటలో కాస్త పియానో. మొత్తం కలిపి 28 నిమిషాలు. సాయంత్రం పూట అమీర్‌పేటలో క్యాబ్ ఎక్కి పెట్టుకుంటే హైటెక్ సిటీ చేరేలోపు రెండుసార్లు వినొచ్చు. అంత తక్కువ సామానుతో అంత నిండుగా ఉన్న రికార్డు నేనింకోటి వినలేదు. ఈ ఒక్క మాటనీ వ్యంగ్యం కింద జమ కట్టవద్దని మనవి.

మరి అంతటివాడు స్టేజి ఎక్కినప్పుడు మీరెక్కడున్నారు? పాటపాటకీ గిటార్ శ్రుతి మార్చేవాడు. మాటకారి కాడు, మధ్యలో జోకులు వేసి నెట్టుకొచ్చే విద్య రాదు. అతను తీగలు బిగించుకుంటుంటే జనం కబుర్లలో పడేవాళ్ళు. 1970లో ఓ కాలేజీ కచేరీలో పాట సగంలోనే లేచి వెళ్ళిపోయాడు. ఆ పాట ‘ఫ్రూట్ ట్రీ’ అని, ఆ రాత్రి అక్కడే పాడిన రాల్ఫ్ మెక్‌టెల్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. కీర్తి అనేది ఒక పండ్ల చెట్టు, మనిషి మట్టిలో కలిశాకే ఏపుగా ఎదుగుతుంది అన్న అర్థం వచ్చే పాట. ఇరవయ్యేళ్ళ కుర్రాడికి మీ ఆఫీసు రూల్సు అంత కచ్చితంగా ఎలా తెలిశాయండీ? లోపలివాళ్ళెవరైనా చెప్పారా?

తర్వాత పాతికేళ్ళకి కూడా మీకంటే ముందు కారొచ్చింది. 1999 చివర్లో అమెరికాలో వోక్స్‌వ్యాగన్ వాళ్ళు టాపు తెరుచుకునే కారు ప్రకటనలో ‘పింక్ మూన్’ పాట వాడారు. నలుగురు కుర్రకారు రాత్రిపూట కారులో ఓ పార్టీ దాకా వెళ్ళి, లోపలికి పోబుద్ధి కాక మళ్ళీ కారులోనే వెళ్ళిపోతారు. కథ అంతే. ఆ దెబ్బతో ఆల్బమ్ అమ్మకాలు అతను బతికుండగా ఎన్నడూ చూడనంతగా పెరిగాయి. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర రోజూ చూస్తుంటాం కదా: షోరూమ్ నుంచి దిగిన బండికి బొట్టు, బానెట్ మీద మీరు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ లెక్కన అప్పుడు కూడా మీరు పడింది కారు మీదే. నిక్ డ్రేక్ నిమ్మకాయ.

ఈ హడావుడి కంటే చాలాముందే, టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ అనే పల్లెలో వాళ్ళింటికి వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు కొందరున్నారు. తల్లీ తండ్రీ వాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కొడుకు ఇంట్లో రికార్డు చేసుకున్న పాటల టేపులు కాపీ చేసి ఇచ్చేవారు. ఆ ముసలివాళ్ళ ముందు మీరు దిగదుడుపే.

ఇంగ్లండు సంగతి మాకెందుకంటారా, ఇంట్లో సంగతే చెప్తాను. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో ఒక గదిలో నాలుగు వందల ఏళ్ళు పడి ఉండి, 1920ల్లో గానీ వెలుగు చూడలేదు. ఇవాళ టాంక్‌బండ్ మీద విగ్రహం, జయంతికి మీరు. ఈ లెక్కన పాతికేళ్ళకే తేలిన నిక్ అదృష్టవంతుడు.

ఇక మా సంఘం గురించి. ఏటా నవంబర్ 25న బంజారాహిల్స్‌లో ఒక కాఫీ షాపు మేడ మీద కలుస్తాం. లైట్లు తగ్గిస్తారు. ఒకాయన అతని ఒంటరితనం గురించి మాట్లాడతాడు. ఇంకొకాయన డిప్రెషన్ గురించి, అదేదో రాగం పేరైనట్టు, కళ్ళు మూసుకుని మాట్లాడతాడు. (జబ్బు చేసిన మనిషి. డాక్టరు రాసిన మందే మోతాదు మించి పోయాడు. ఇందులో తన్మయత్వం దేనికని నేనన్నప్పుడల్లా నా కాఫీ ఆలస్యంగా వస్తుంది.) తర్వాత అందరం కలిసి 1970 నాటి ఇంగ్లండు శ్రోతల్ని తిడతాం. శ్రుతి చేసుకునేంతసేపు కూడా ఆగలేకపోయారట, మొద్దు జనం.

పోయినసారి ఈ తిట్లు మంచి ఊపులో ఉండగా కింద నుంచి గిటార్ వినిపించింది. ఎవరో కుర్రాడు, తను రాసుకున్న తెలుగు పాటలే పాడుతున్నాడు. పాటకీ పాటకీ మధ్య తీగలు బిగించుకుంటున్నాడు. మాలో ఒకాయన విసుక్కుంటూ మెట్లు దిగి, "తమ్ముడూ, ఎంతసేపు ఈ టింగుటింగు? పైన నిక్ డ్రేక్‌ని వింటున్నం, జర తగ్గించు" అని చెప్పొచ్చాడు. కుర్రాడు తగ్గించాడు. మేం మళ్ళీ ఇంగ్లండు జనాన్ని అందుకున్నాం.

పోయినవాడితో ఉన్న సుఖమే వేరండీ. శ్రుతి చేసుకోడు. పేమెంట్ అడగడు. కొత్త పాట పాడి "ఎలా ఉందన్నా" అని టెన్షన్ పెట్టడు. నాలుగో ఆల్బమ్ చెత్తగా చేసి అభిమానుల పరువు తీయడు. పెద్దయ్యాక అతను పాడుతుండగా తీసిన ఫిల్ము ఒక్కటీ దొరకలేదు కాబట్టి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు ఊహించుకోవచ్చు. మీకూ అంతే కదా, ఫోటో కదలదు, మేకుకి తగిలిస్తే పనైపోయింది.

అయినా చూద్దామని మొన్న మీ మార్కెట్‌కే వచ్చాను. చామంతి దండ ఒకటి బేరమాడాను.

"పెండ్లికా సార్?" అన్నాడు అమ్మేవాడు.

"కాదు."

"లీడర్‌కా?"

"కాదు. పాటలు పాడే పిల్లగాడికి."

అతను చేతిలో దారం పక్కన పెట్టాడు. "అయ్యో. చిన్న వయసేనా సార్? ఫోటో ఎంత సైజుంది?"

దండ తీసుకున్నాను, సైజు మాత్రం చెప్పలేదు. కుర్రాడు ఈ శనివారం మళ్ళీ పాడుతున్నాడట. రాత్రి ఎనిమిదింటికి, మేడ మీద కాదు, కింద. శ్రుతి చేసుకోవడానికి కాస్త టైము పడుతుంది, వాడిపోకుండా రండి.

ఇట్లు,
మేడ మీది సంఘంలో ఒకడు