పల్లవి ఏ భాషది?

పెద్ద స్టార్ ఎవరైనా రెండు భాషల పాట విడుదల చేస్తే హనుమకొండ హాస్టళ్లలో, కాజీపేట టీ కొట్ల దగ్గర ఆ సాయంత్రమే లెక్క మొదలవుతుంది. ఆ భాషలో ఎన్ని లైన్లు, ఈ భాషలో ఎన్ని? స్పానిష్-ఇంగ్లిష్ పాటైనా, కొరియన్-ఇంగ్లిష్ అయినా, తెలుగు-హిందీ అయినా తీరు ఒకటే. సొంత భాష సగానికి తగ్గితే మార్కెట్ కోసం భాషను వదిలేశారని కోపం, సగం దాటితే పండగ. ఆ కోపం వెనక ఉన్న ప్రేమను తప్పుపట్టలేం. తప్పంతా కొలతలోనే ఉంది. లైన్లు ఎన్ని ఉన్నా పాట ఏ భాషదో తేల్చేది పల్లవి.

బతుకమ్మ ఆడేచోట ఇది ఏటా కళ్లముందే జరుగుతుంది. ఒకామె లైను ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు చరుస్తూ ‘ఉయ్యాలో’ అందుకుంటారు. ఎత్తుకున్న లైనులో పురాణం రావచ్చు, ఊరి ముచ్చట రావచ్చు, ఓ ఇంగ్లిష్ మాటా దొర్లవచ్చు. ‘ఉయ్యాలో’ నిలిచినంతసేపు అది బతుకమ్మ పాటే. అందరి నోటా పలికేది ఆ ఒక్క ముక్కే మరి.

2017లో ‘డెస్పాసీటో’ విషయంలోనూ అదే జరిగింది. జనవరిలో స్పానిష్‌లో వచ్చిన పాటకు ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ గొంతు కలిపాడు. ఆయన కోసం మొదట్లో ఇంగ్లిష్ చరణం చేర్చారు గానీ పల్లవిని కదపలేదు, దాన్ని ఆయన కూడా స్పానిష్‌లోనే పాడాడు. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆ పాట 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. కొరియన్ బృందం బీటీఎస్ కథ ఇంకా ఆసక్తికరం. 2020లో పూర్తిగా ఇంగ్లిష్‌లో పాడిన ‘డైనమైట్’తో వాళ్లు తొలిసారి ఆ జాబితాలో మొదటి మెట్టెక్కారు. ఆ ఏడాది చివర్లో ‘లైఫ్ గోస్ ఆన్’ నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. ఎక్కువ భాగం కొరియనే కాబట్టి అది కొరియన్ గెలుపని అభిమానులు సంబరపడ్డారు, అందులో న్యాయం ఉంది. కానీ ఆ పాట పేరు, పల్లవిలో మనసుకు తగిలే ముక్క ఇంగ్లిషే. లైన్లు లెక్కిస్తే ఒక జవాబు, పల్లవి వింటే మరో జవాబు.

మన దగ్గరి ఉదాహరణ ‘నాటు నాటు’. రాసిన చంద్రబోస్‌ది పూర్వపు వరంగల్ జిల్లాలోని చల్లగరిగ. హిందీ, తమిళం, కన్నడం, మలయాళాల్లోనూ ఆ పాట ఉంది. 2023లో ఆస్కార్ అందుకున్నది తెలుగు పాట. పల్లవి మొత్తాన్నీ మోసేది రెండక్షరాల తెలుగు మాట, ఒక గురువు (పొడుగు అక్షరం), ఒక లఘువు (పొట్టి అక్షరం). దరువు పడే చోటే ‘నా’ పడుతుంది. అర్థం తెలియనివాళ్లూ ఆ మాటను తప్పు లేకుండా పలకగలిగారు.

ఇక రెండు భాషల పాటలో తెలుగు ముక్క అతకని సందర్భాలు. ముందు ట్యూన్ కట్టి, డమ్మీ మాటలతో పాడి, తర్వాత అసలు మాటలు రాయించడం సినిమా పాటల్లో మామూలే. ఆ డమ్మీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో నొక్కి పలికే అక్షరం మీద దరువు పడుతుంది. తెలుగులో ఆ నొక్కు లేదు, ఉన్నది అక్షరం నిడివి. దరువు కోసం మొదటి అక్షరాన్ని సాగదీస్తే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది, ‘కల’ ‘కాల’ అవుతుంది. లకారాన్ని గట్టిగా నొక్కితే ‘చెలి’ ఏకంగా ‘చెల్లి’ అయిపోతుంది. ప్రేమపాటలో ఇంతకన్నా ఘోరం ఏముంటుంది?

పరీక్షించడం తేలికే. పాట ఆపి ఆ లైనును మామూలుగా మాట్లాడినట్టు చదవాలి. ఏ అక్షరం పొట్టి, ఏది పొడుగు అని గుర్తు పెట్టుకుని మళ్లీ పాట వినాలి. పదం చివరి అచ్చు సాగితే ఫరవాలేదు, మన పాటల్లో అది అలవాటే. మొదట్లోనో మధ్యలోనో పొట్టి అక్షరం సాగితే మాత్రం ఆ లైను ట్యూన్‌కు బలైనట్టే.

ప్రాస సంగతీ ఇలాంటిదే. పాలకుర్తిని ఇంటిపేరుగా మోసిన కవి పాల్కురికి సోమన ద్విపదల (రెండేసి పాదాల పద్యాల) నుంచీ తెలుగు చెవి రెండో అక్షరం దగ్గర ప్రాసను వెతుకుతుంది. ఇంగ్లిష్ పాట లైను చివర వెతుకుతుంది. రెండు భాషలు కలిపేవాళ్లు చివరలు కలిపి ఊరుకుంటారు. దాంతో తెలుగు భాగం అనువాదంలా వినిపిస్తుంది.

ఇక్కడే వరంగల్, కరీంనగర్ వైపు మాటకు పెద్ద బలముంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ‘ఎక్కడున్నావు’ ఐదక్షరాలు, ‘ఏడున్నవ్’ మూడే, పైగా హల్లుతో ఆగుతుంది. ఇంగ్లిష్, హిందీ ట్యూన్లు కోరేది అలా టక్కున ఆగే మాటనే. ఉర్దూ రాజభాషగా నడిచిన నిజాం కాలం నుంచి మనకు మిగిలిన జర, జల్ది, పరేషాన్, దోస్తు లాంటి మాటలు హిందీ లైనులోనూ తెలుగు లైనులోనూ ఒదుగుతాయి, తలుపుకు బందుల్లాగా. ఈ యాసను తీన్మార్ దరువుకో, నవ్వించడానికో పరిమితం చేయడం నాకు బాధగా ఉంటుంది. ప్రేమనూ దుఃఖాన్నీ ఆ మాటలతో రాయించమని అభిమానులు గట్టిగా అడగాలి.

లైన్ల లెక్క మీద పెట్టే శ్రమను మళ్లించాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ లెక్క. అందుకే పల్లవిని ముందుకు జరిపే పాటలు పెరిగాయి. కొత్త పాట వింటే మొదటి అర నిమిషంలో ఏ భాష వినిపించిందో చూడండి, కంపెనీ ఎవరిని ఉద్దేశించిందో తెలుస్తుంది. రెండోది సబ్‌టైటిల్స్. అభిమానులే యూట్యూబ్ వీడియోకు సబ్‌టైటిల్స్ చేర్చే సౌకర్యం 2020 సెప్టెంబర్ 28తో ఆగిపోయింది. ఇప్పుడు అవి ఛానల్ వాళ్ల చేతుల మీదుగానే రావాలి. కాబట్టి ఎస్‌ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైలు సిద్ధం చేసి వాళ్లకే పంపాలి. ఒక్కో ముక్కకు వరుస సంఖ్య, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, కింద లైను ఉంటే చాలు. నోట్‌ప్యాడ్‌లో రాసి యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి, లేకుంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. తెలుగు లిపిలోనే రాయాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే కల, కాల, కళ మూడూ ఒకేలా కనిపిస్తాయి. పాడింది పాడినట్టే రాయాలి. గాయని ‘పోతున్నవ్’ అని పాడితే దాన్ని ‘పోతున్నావు’ అని దిద్దకూడదు.