కప్పులకు లక్షలు, క్లబ్బులకు చందాలు

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు వన్డే ప్రపంచకప్ గెలిచారు. బీసీసీఐ వెంటనే 51 కోట్ల రూపాయల నజరానా ప్రకటించింది. జట్టులో ఉన్న కడప జిల్లా స్పిన్నర్ శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు ఇస్తామంది. అంతకు కొన్ని నెలల ముందే, అండర్-19 ప్రపంచకప్‌తో తిరిగొచ్చిన గొంగడి త్రిషకు తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఈ డబ్బుకు వాళ్లు నూటికి నూరుపాళ్లు అర్హులు. కానీ ఇదంతా గెలిచాక వచ్చిన డబ్బు. పదేళ్ల పిల్ల మొదటిసారి గ్రౌండ్‌కు వచ్చిన రోజున ఆమెకు నెట్స్, బంతులు, కోచ్ జీతం ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్న అడిగితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందరూ ఒకరి వైపు ఒకరు చూపిస్తారు.

చివరికి ఆ భారం మోసేది తండ్రే. సిరాజ్ తండ్రి ఆటో నడిపారు. నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి ఉద్యోగం వదులుకున్నారు. త్రిష కోసం కుటుంబమంతా భద్రాచలం వదిలి సికింద్రాబాద్ చేరింది. ఈ కథలు చదివి కళ్లు చెమర్చని వాళ్లుండరు. అయితే ఊళ్లో గట్టి క్లబ్బు ఒకటి ఉంటే పిల్లల ఆట కోసం తండ్రి బతుకుదెరువు పణంగా పెట్టాల్సిన పని లేదు. అంత తెగింపు లేని, అంత స్తోమతు లేని తండ్రుల పిల్లలు ఏమయ్యారో మనకు తెలియదు. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

స్థానిక క్లబ్బులకు డబ్బుల్లేవు అనే మాట నిజమే. కానీ డబ్బే లేదు అనుకోవడం మాత్రం పొరపాటు. డబ్బు ఊళ్లోనే ఉంది, పక్క ఫ్యాక్టరీలో ఉంది, చట్టంలో ఉంది. దాన్ని అందుకునే తీరులో క్లబ్బులు లేవు. ఇచ్చేవాళ్లకేమో సంస్థ చేతిలో పెట్టే అలవాటు లేదు. నా వాదన అంతా ఇదే.

ఐపీఎల్ అయిదేళ్ల ప్రసార హక్కులు 2022లో 48,390 కోట్లకు అమ్ముడుపోయిన సంగతి అందరికీ తెలిసిందే. బోర్డు నుంచి రాష్ట్ర సంఘాలకు ఏటా నిధులు వెళ్తాయి. రాష్ట్ర సంఘం నుంచి కిందికి, మండల కేంద్రంలోని క్లబ్బు దాకా దిగే కాలువ మాత్రం ఎవరూ తవ్వలేదు. ప్రభుత్వం వైపు వెళ్దామా అంటే, కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా జాబితాలో క్రికెట్ లేదు. బోర్డు దగ్గర డబ్బుంది కదా అని సర్కారు అనుకుంటుంది. క్లబ్బు సంగతి మాకెందుకని బోర్డు అనుకుంటుంది. ఇంగ్లండ్‌లో 2025లో హండ్రెడ్ టోర్నీ జట్లలో వాటాలు అమ్మితే 50 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. అందులో 5 కోట్ల పౌండ్లు కింది స్థాయి ఆటకని ముందే పక్కన పెట్టారు. అమ్మకం పూర్తికాకముందే ఆ లెక్క రాసుకున్నారు. మన దగ్గర ఇంతకు ఎన్నో రెట్ల అమ్మకం జరిగింది. అందులో ఊరి క్లబ్బు వాటా ఎంతని అప్పుడు ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు.

సరే, బోర్డు కదిలే దాకా ఏం చేద్దాం? ముందు మన టోర్నమెంట్ల సంగతి చూద్దాం. సంక్రాంతి వచ్చినా, ఎండాకాలం సెలవులొచ్చినా, నాయకుడి పుట్టినరోజొచ్చినా ఊరూరా క్రికెట్ టోర్నీయే. మొదటి బహుమతి లక్ష, రెండోది యాభై వేలు, మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌కు ఇంకోటి. టెంటు, మైకు, కామెంటరీ, భోజనాలు, రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. ఫైనల్ రోజున దాత వచ్చి టాస్ వేసి, రెండు బంతులు ఆడి, ఫొటో దిగి వెళ్తారు. ఆ లక్ష ఎవరికి పోతుంది? చాలాసార్లు పక్క జిల్లా నుంచి మ్యాచ్‌కు ఇంత అని మాట్లాడుకుని తెచ్చుకున్న ఆటగాళ్లున్న జట్టుకు. సోమవారం పొద్దున గ్రౌండ్‌కు వెళ్లి చూడండి. టెంటు గుంతలు మిగిలి ఉంటాయి. పిచ్ మీద పరిచిన మ్యాట్ అంచులు చిరిగి, మేకులు ఊడి పక్కకు దొర్లి ఉంటుంది. రోలర్ ఉండదు. నెట్ ఉన్నా చిరుగుల్లోంచి బంతి పొలాల్లోకి పోతుంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడల గది ఉండదు. ఒకే హెల్మెట్‌ను ఒక పిల్లాడు అవుటై వస్తూ ఇంకో పిల్లాడికి అందిస్తాడు.

ఒక్క టోర్నీ ఖర్చు పెడితే మంచి మ్యాట్, రెండు నెట్స్, ఏడాదికి సరిపడా బంతులు వస్తాయి. కోచ్‌కు కొన్ని నెలల జీతం కూడా మిగులుతుంది. దాతలకు ఇది తెలియక కాదు. నెట్స్ మీద ఫ్లెక్సీ కట్టినా చూసేవాళ్లుండరు. మూడు రోజుల సందడికి పేరొస్తుంది, మూడేళ్ల శిక్షణకు రాదు. అందుకే నిర్వాహకులకు నేను చెప్పేది ఒకటే. దాత దగ్గరికి టోర్నీ అడగడానికి వెళ్లకండి, వచ్చే ఏడాది శిక్షణ ఖర్చు అడగండి. టోర్నీ పెట్టే తీరాలంటే ప్రైజ్ మనీలో సగం క్లబ్బు ఖాతాకు అని కరపత్రంలోనే అచ్చు వేయించండి.

ఇక అసలు డబ్బున్న చోటికి వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ వెయ్యి కోట్లు గానీ, ఏడాది నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అందరూ సీఎస్ఆర్ అనేది దీన్నే. 5 కోట్ల లాభం అంటే పెద్ద పేరున్న కంపెనీలే కానక్కర్లేదు, జిల్లా కేంద్రంలో ఓ మోస్తరు గ్రానైట్ కంపెనీ కూడా ఆ లెక్కలోకి రావచ్చు. ఖర్చు పెట్టాల్సిన మొత్తం 50 లక్షలు దాటకపోతే సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, డైరెక్టర్ల బోర్డే నిర్ణయించుకోవచ్చు. తాము పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతోంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. జడ్చర్లలో మందుల కంపెనీలున్నాయి. రామగుండంలో విద్యుత్ కేంద్రాలున్నాయి. ఆ పొగ, ఆ దుమ్ము మధ్య పెరిగే పిల్లలు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

చట్టం ఏడో షెడ్యూలులో ఏముందో గమనించండి. గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలను ప్రోత్సహించే శిక్షణకు ఈ డబ్బు వాడొచ్చు అని ఉంది. క్రికెట్ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఉంది కాబట్టి, ఇది మా పరిధిలోకి రాదు అనే సాకు ఇక చెల్లదు. అక్కడున్నది శిక్షణ అన్న మాట. కంపెనీ తన ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్‌గా లెక్కించకూడదని నిబంధనలు వేరుగా చెబుతున్నాయి. కాబట్టి కంపెనీ పేరుతో కప్పు పెడతాం, లక్ష ఇవ్వండి అని వెళ్లే క్లబ్బు తప్పు తలుపు కొడుతోంది. నలభై మంది పిల్లలకు ఏడాది పాటు శిక్షణ ఇస్తాం అని వెళ్లాలి. 2022-23లో దేశమంతా కలిపి సీఎస్ఆర్ ఖర్చు దాదాపు 30 వేల కోట్లు. అందులో క్రీడలకు చేరింది రెండు శాతం లోపే. మిగతాదంతా ఎక్కువగా చదువు, వైద్యం, గ్రామాభివృద్ధికి పోయింది. ఆ రంగాల్లో పనిచేసే సంస్థలకు కాగితాలున్నాయి, అడిగే పద్ధతి తెలుసు. మన క్లబ్బులకు రెండూ లేవు.

క్లబ్బులు రాసే ఉత్తరాలు నేను చూస్తుంటాను. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. “మా గ్రామ యువకులు క్రికెట్ పట్ల ఎంతో ఆసక్తి కలిగి ఉన్నారు, కావున తమరు పెద్ద మనసు చేసుకుని తోచిన సాయం చేయగలరని ప్రార్థన.” కింద పదిహేను సంతకాలు. పిల్లలెంత మందో ఉండదు, ఎంత డబ్బు కావాలో ఉండదు, ఖర్చయ్యాక లెక్క ఎవరు చెబుతారో అసలే ఉండదు. అవతల కూర్చున్న మేనేజర్ ఆ డబ్బుకు ఆడిటర్‌కు జవాబు చెప్పుకోవాలి. ఈ ఉత్తరం పట్టుకుని ఆయన ఏం చేయగలరు? ఆయనకు కావాల్సింది రెండు పేజీలు. ఎంతమంది పిల్లలు, అందులో ఆడపిల్లలెందరు, వారానికి ఎన్ని రోజులు, కోచ్ ఎవరు, మ్యాట్‌కు ఎంత, నెట్స్‌కు ఎంత, రెండు మూడు దుకాణాల కొటేషన్లు, గ్రౌండ్ ఎవరిది, వాడుకోవడానికి అనుమతి ఉందా, గత ఏడాది జమాఖర్చులు. ఇవన్నీ ఉంటే ఆయన ఫైలు కదిలించగలరు.

ఇంకో మెలిక ఉంది. కంపెనీ తన డబ్బును బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అని అందరూ పిలిచే పన్ను మినహాయింపు నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఆ పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు చాలు. పదకొండు మందిని పోగేయగల క్లబ్బుకు ఏడుగురు దొరకరా? మూడేళ్ల నిబంధన ఉంది కాబట్టే ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఈలోగా కూడా దారి లేకపోలేదు. కంపెనీయే నేరుగా ఖర్చు పెట్టొచ్చు. నెట్స్, పిచ్ లాంటి ఆస్తులు ప్రభుత్వ సంస్థ పేరున ఉండొచ్చు. జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండ్‌లో నెట్స్ కట్టించమని, పొద్దున బడి పిల్లలు, సాయంత్రం క్లబ్బు పిల్లలు వాడుకుంటారని హెడ్మాస్టర్ సంతకంతో కలిసి అడగండి. ఎంపీల స్థానిక అభివృద్ధి నిధి కూడా ఉంది, ఏడాదికి 5 కోట్లు. అది శాశ్వతంగా నిలిచే నిర్మాణాలకే ఇస్తారు కాబట్టి డ్రెస్సింగ్ రూమ్, మరుగుదొడ్డి, ప్రహరీ అడగాలి. బ్యాట్లు అడిగితే రావు.

క్రికెట్‌కు ఎందుకు, కబడ్డీకి, అథ్లెటిక్స్‌కు ఇవ్వండి అనే వాళ్లున్నారు. వాళ్ల ఆవేదన అర్థమవుతుంది. కానీ బోర్డు ధనికమైతే ఊరి క్లబ్బు ధనికం కాదు. పైగా రోలర్ తిరిగే గ్రౌండ్, గోడ, నీళ్లు, మరుగుదొడ్డి వచ్చాయంటే అక్కడే కబడ్డీ కోర్టు వస్తుంది, పరుగెత్తే పిల్లలకు ట్రాక్ వస్తుంది. ఊళ్లో క్రికెట్ పేరు చెబితే నలుగురు కూడతారు. ఆ బలాన్ని మిగతా ఆటలకు కూడా వాడుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది డబ్బు కంటే క్లబ్బు అంటే మన దృష్టిలో ఏమిటన్నది. హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలు సరిదిద్దమని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు, ఒకే కుటుంబాల చేతుల్లో పలు క్లబ్బులున్నాయని తేల్చి 2023లో 57 క్లబ్బులను సంఘం ఎన్నికలకు దూరం పెట్టారు. అంటే అక్కడ క్లబ్బు అంటే ఓటు. పిల్లలు, కోచ్, గ్రౌండ్ ఉన్నా లేకపోయినా ఓటుంటే చాలు. పల్లెలో క్లబ్బు అంటే దాత పేరు, పట్నంలో ఓటు. సభ్యుల సొంత సంస్థగా క్లబ్బు ఎక్కడుంది?

ఈ పని మనకు చేతకానిదేమీ కాదు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం పుట్టాయి. ఆ తర్వాత ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. అప్పటి తెలుగువాళ్లు మనకంటే ఎంతో పేదవాళ్లు. అయినా కార్యవర్గం పెట్టుకున్నారు, చందాలు కట్టారు, లెక్కలు రాశారు. ఆ ఉద్యమం ఎంత బలంగా సాగిందంటే, తర్వాత ప్రభుత్వమే 1960లో పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చింది. ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు పెట్టింది, అదిప్పుడు రూపాయికి ఎనిమిది పైసలు. ఆ సెస్సు మనం ఇప్పటికీ కడుతున్నాం.

క్లబ్బులు కూడా అలా మొదలవ్వాలి. ముందు నెలకు పాతికో యాభయ్యో సభ్యత్వ రుసుము పెట్టండి, కట్టలేని పిల్లలకు మాఫీ చేయండి. రసీదు ఇవ్వండి. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి జమాఖర్చులు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఒకప్పుడు మీ గ్రౌండ్‌లో ఆడి ఇప్పుడు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లు పెద్ద మొత్తాలిచ్చేది ఆ కాగితం చూశాకే.

ప్రభుత్వాల వంతూ ఉంది. పుస్తకానికి ఎనిమిది పైసలు పెట్టిన చట్టసభ ఆటకు రెండు పైసలు పెట్టలేదా? స్థానిక సంస్థలు వసూలు చేసిన గ్రంథాలయ సెస్సును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో బదలాయించక బకాయిలు పేరుకుపోయిన అనుభవం ఉంది. కాబట్టి క్రీడా సెస్సు పంచాయతీ ఖాతాలో కలిసిపోకుండా, నేరుగా మండల క్రీడా నిధికి చేరేలా చట్టంలోనే రాయాలి. రిజిస్టర్ అయి, ఆడిట్ చేయించుకుని, ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే క్లబ్బులకే అందులోంచి గ్రాంటు ఇవ్వాలి. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు ఈ మాట మీ ఎమ్మెల్యేను అడగండి. టోర్నీ ప్రారంభానికి ఎలాగూ గ్రౌండ్‌కు వస్తారు, మైకు చేతికిచ్చే ముందు అడగండి.