ఔటర్‌లో ఆగిన బండి

కొండపల్లి దాటింది. విజయవాడకు 20 కిలోమీటర్లు కూడా లేదు. సంచులు భుజాన వేసుకుని అందరం తలుపు దగ్గరికి చేరాం. అంతలో బండి ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగిపోయింది. 10 నిమిషాలు, 20, 40. ఫ్యాను తిరగని పెట్టెలో ఒక తల్లి చంటిబిడ్డకు కొంగుతో విసురుతూనే ఉంది.

కాజీపేట, గూడూరు, విశాఖ, గుంటూరు, గుడివాడ వైపుల నుంచి వచ్చే రైళ్లన్నీ విజయవాడలోనే కలవాలి. ఆ రద్దీ అర్థమవుతుంది. నాకు కడుపు మండేది కాలపట్టిక చూసినప్పుడు. ఆఖరి స్టేషన్‌కు ముందున్న ఆ కొద్ది దూరానికి బోలెడంత అదనపు సమయం ముందుగానే కలిపి రాస్తారు. దారంతా ఆలస్యంగా నడిచిన బండి కూడా ఆఖరి స్టేషన్‌కు వేళకే చేరినట్టు లెక్క తేలుతుంది. మరి ఖమ్మంలోనో మధిరలోనో దిగినవారు పోగొట్టుకున్న గంట ఏ లెక్కలోకి వస్తుంది?

ఆ సమయాన్ని దారి పొడవునా పంచండి. ప్లాట్‌ఫారం ఖాళీ లేదని తెలిస్తే బండిని అంతకు ముందొచ్చే స్టేషన్‌లోనే ఆపండి. కనీసం మంచినీళ్లైనా దొరుకుతాయి.

మేం చేరేసరికి నేను ఎక్కవలసిన గుడివాడ బండి వెళ్లిపోయింది.