ఏసీ ప్లాంటుకీ బిల్లింగ్ కౌంటర్‌కీ ఒకే నెట్‌వర్కా?

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) దాడి జరిగి అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా చేతికి రాకుండా పోయింది, ఓపీ పనులన్నీ మళ్ళీ కాగితాల మీదకొచ్చాయి. నెట్‌వర్క్‌ని సరిగా విభజించకపోవడం వల్లే చొరబడ్డారని కేంద్రమే పార్లమెంటులో ఒప్పుకుంది. అక్కడ దెబ్బ తిన్నవి సర్వర్లు. అలాంటి నెట్‌వర్క్ మీదే లిఫ్టులూ, ఆపరేషన్ థియేటర్ గాలి పీడనం చూసే కంట్రోలర్లూ ఉంటే పరిస్థితేంటి?

ఈ కంట్రోలర్లు ఎక్కువగా మాట్లాడుకునేది 1995లో ప్రమాణంగా వచ్చిన బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి భాషలో. పాత బ్యాక్‌నెట్‌కి ‘నువ్వెవరు?’ అని అడిగే అలవాటే లేదు. అది వినే 47808 పోర్టుకి (నెట్‌వర్క్‌లో దాని తలుపు నంబరు) ఎవరు ఆదేశం పంపినా సరే, ఫ్యాన్ ఆపమంటే ఆపేస్తుంది. భద్రత ఉన్న రూపం 2019లో వచ్చింది కానీ, ఒకసారి బిగించిన కంట్రోలర్ని ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు కాబట్టి వాటిని విడిగా పెట్టి కాపాడుకోవడమే దారి.

‘వీల్యాన్లు (ఒకే నెట్‌వర్క్‌ని విడి భాగాలుగా చేసే ఏర్పాటు) పెట్టేశాం సార్’ అంటారు ఐటీ వాళ్ళు. సంతోషం. కానీ ఫైర్‌వాల్ తెరిచి చూస్తే ఆ వీల్యాన్ల మధ్య ‘ఎనీ టు ఎనీ అలవ్’ (ఎవరు ఎవరితోనైనా మాట్లాడొచ్చు) అని ఒక్క రూలు ఉంటుంది, అంటే గోడ కట్టి తలుపు బార్లా తీసిపెట్టినట్టే. చిల్లర్ (ఏసీ కోసం నీళ్ళు చల్లబరిచే యంత్రం) ప్యానెల్లో సర్వీసు కంపెనీ తన సౌకర్యం కోసం పెట్టుకున్న, బయటి నుంచి నేరుగా లోపలికి దారిచ్చే 4జీ రూటర్ సంగతి ఐటీ విభాగానికి తెలియను కూడా తెలియదు. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయింది కూడా ఒక ఏసీ, రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టర్ లాగిన్ దొరకబుచ్చుకునే (ఆ లాగిన్ ఇచ్చింది ఏసీలు నడపడానికి కూడా కాదట, బిల్లులు పెట్టుకోవడానికట!).

అసలు రోగం వేరే ఉంది. అది మెయింటెనెన్స్ వాళ్ళ సామాను అని ఐటీ, నెట్‌వర్క్ ఐటీదే కదా అని మెయింటెనెన్స్ తప్పుకుంటాయి. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల, కార్యాలయాల టెండర్లలోనే ఈ విభజనని షరతుగా రాయాలని మేం కోరుతున్నాం. భవనం అప్పగించే రోజున లాబీ వైఫైకి ఒక ల్యాప్‌టాప్ తగిలించి చూడండి. అందులో ఏసీ కంట్రోల్ లాగిన్ పేజీ తెరుచుకుందంటే, కాంట్రాక్టర్ చివరి బిల్లు ఆపేయండి.