మళ్లీ మార్చేశారు!

రోజూ వాడే యాప్ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయిపోయింది. పొద్దున తెరిస్తే సేవ్ బటన్ లేదు. వెతగ్గా వెతగ్గా ఓ మూల మూడు చుక్కల వెనకాల దొరికింది. అదుండే చోట ఇప్పుడు షేర్ బటన్ పెట్టారు. చెయ్యేమో అలవాటుగా అక్కడికే పోతోంది. ఎవరికో పోకూడని ఫైల్ పోతే బాధ్యత ఎవరిది?

పైగా జనానికి కొత్తదంటే పడదని మన మీదే నింద. ఒప్పుకోను. తెరను నల్లగా మార్చే డార్క్ మోడ్ వచ్చినప్పుడు ఎవరు గొడవ చేశారు? కావాలంటే పెట్టుకుంటాం, వద్దంటే మానేస్తాం, అంతే. అదే 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసేస్తే జనం గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది 8.1లో తిరిగి తేక తప్పలేదు.

ఏ బటన్ ఎక్కడుందో ఎవరూ బట్టీపట్టరు, వాడగా వాడగా వేళ్లకే తెలిసిపోతుంది. చూపు సరిగా ఆనని పెద్దవాళ్లయితే అక్షరాలు కూడా చదవరు, చోటును బట్టి నొక్కేస్తారు. వాళ్లు ఒక్క అప్‌డేట్‌తో మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తోంది. నాకు కడుపు మండేది అక్కడే.

మార్చండి, కాదనను. మార్చే ముందు మాకో మాట చెప్పండి. కొన్నాళ్లపాటైనా పాత పద్ధతికి వెళ్లే దారి ఉంచండి.