బెంజి సర్కిల్లో ఆనీకి ఫిట్స్

మొన్నటి అవమానం ఇంకా పచ్చిగానే ఉంది కనుక ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడతాను. మా యాజమాన్యానికి నర్సింగ్ కళాశాలలు రెండు, సి.పి.ఆర్. (గుండె ఆగినవారి ఛాతీ నొక్కి, నోటితో శ్వాస ఊదే ప్రథమ చికిత్స) నేర్పే నిలువెత్తు మానికిన్, అంటే మనిషి బొమ్మ, ఒక్కటి. దాని పేరు ఆనీ. ఇన్‌స్పెక్షన్ ఏ కళాశాలకు వస్తే మానికిన్ ఆ కళాశాలకు వెళుతుంది. మిగిలిన రోజుల్లో అది గాజు బీరువాలో ఉంటుంది, తాళం ప్రిన్సిపాల్ గారి సొరుగులో ఉంటుంది, విద్యార్థినులు గాజుకు ఇవతల నిలబడి ప్రాణం పోయడం నేర్చుకుంటారు.

మొన్న వ్యాను రాలేదు. "ఆటోలో తెచ్చేయండి మేడమ్, బొమ్మే కదా!" అన్నారు. ఎండకు ముఖం పాడవుతుందని ఆనీ తలపై నా చున్నీ కప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ఆటో బ్రేకు వేయగానే ఆనీ నా ఒడిలోకి ఒరిగింది.

నిమిషంలో ఆమెను ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టారు. పూలు అమ్మే పెద్దావిడ "అయ్యో తల్లీ, ఫిట్సు! ఇనుము పట్టించండి!" అంటూ తన ఇంటి తాళాల గుత్తిని ఆనీ వేళ్ళ మధ్య ఇరికించింది. బజ్జీల బండి నుంచి ఉల్లిపాయ వచ్చింది. ఇది బొమ్మ అని నేను రెండుసార్లు చెప్పాను. "పాపం, దిగులుతో మతి చెడింది, మనిషిని పట్టుకుని బొమ్మ అంటోంది" అని నాకు కూడా నీళ్ళిచ్చారు. కళ్ళజోడు లేని పెద్దావిడ చున్నీ కాస్త తొలగించి, "మహాలక్ష్మిలా ఉంది, ఎవరి పిల్లో" అని కళ్ళు ఒత్తుకుంది. ఆమె తప్పేమీ లేదు. 1960లో ఆస్మండ్ లేర్డాల్ అనే నార్వే దేశపు బొమ్మల తయారీదారు ఈ మానికిన్‌కు ముఖం వెతుకుతూ, పారిస్‌లోని సేన్ నదిలో మునిగిపోయిందని చెప్పుకునే పేరు తెలియని అమ్మాయి ముఖపు అచ్చును ఎంచుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు.

ఇంతలో హెల్మెట్ పెట్టుకున్న కుర్రవాడొకడు మోకాళ్ళ మీద కూర్చుని ఆనీ పొట్ట మీద నొక్కసాగాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్న నోరు ఊరుకోలేదు. "అక్కడ కాదు నాయనా, రొమ్ము ఎముక కింది సగం మీద! మోచేతులు వంచకు, 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు!" అన్నాను. బుద్ధిమంతుడు, అలాగే నొక్కాడు. సరైన లోతు అందితే లోపల టక్కుమనే ఏర్పాటు ఆ బొమ్మకు ఉంది. అది టక్కుమన్నది. "ఎముక విరిగింది!" అని జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. "శభాష్, అదే శబ్దం రావాలి, ఆపకు!" అని నేను అరిచాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మాట పరాయివారి చెవులకు ఎలా వినిపించి ఉంటుందో అర్థమవుతోంది. 30 లెక్కపెట్టి, ఇక రెండు శ్వాసలు ఊదమన్నాను. అతడు హెల్మెట్ తీసి వంగాడు, ఆగాడు, వాసన చూశాడు, నెమ్మదిగా లేచాడు.

"మేడమ్, ఇది బొమ్మ."

నేను మొదటి నుంచి చెబుతున్నది అదేనని ఎవరూ ఒప్పుకోలేదు. నిజానికి మా 60 మంది విద్యార్థినులలో ఒక్కరికైనా ఆనీ ఛాతీపై చేయి వేసే భాగ్యం ఈ ఏడాది దక్కలేదు. దక్కినది ఆ హెల్మెట్ కుర్రవాడికే, అది కూడా తగిన పర్యవేక్షణలో.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవారు దూరం నుంచే మానికిన్‌ను చూసి కాగితంపై టిక్కు పెట్టారు. ఒకాయన మాత్రం ఆగి, ఆ చేతిలో తాళాలు ఏ ప్రక్రియలో భాగమని అడిగారు. గుత్తి తిరిగి ఇవ్వడానికి సాయంత్రం మళ్ళీ ఆటో ఎక్కాను.

మొదటి ఆటో డ్రైవరు ఇద్దరికి ఛార్జీ తీసుకున్నాడు. ఆ బిల్లు ఈ ఉదయం అకౌంట్స్ విభాగం నుంచి తిరిగి వచ్చింది. రెండవ ప్రయాణికురాలి పేరు, హోదా రాయమన్నారు. "ఆనీ, రోగి" అని రాసి పంపాను. రోగులకు ప్రయాణ భత్యం వర్తించదట.